నల్ల బానెట్ మీద ఎవరి చెయ్యి

పోయిన వారం ఫరాను మనం నరసరావుపేట పల్నాడు రోడ్డులో, తన షాపు ముందు నడి ఎండలో, గురునాథం గారి నల్ల కారు పక్కన వదిలి వచ్చాం. ఏళ్ళ తరబడి కార్లకు పాలిష్ మిషను పట్టిన జుబేర్ వేళ్ళలో స్పర్శ పోయిందనీ, మిషను అదురుకి నరాలు దెబ్బతిన్నాయనీ గుంటూరు డాక్టరు చెప్పాడు. ఆ రోజు నుంచి సగం దించిన షట్టరు వెనక పని చేస్తున్నది అతని భార్య ఫరా. పేరు జుబేర్‌ది, చెయ్యి ఫరాది. ఆ సంగతి వాళ్ళిద్దరికీ, అత్త హజ్రా బీకీ తప్ప ఊళ్ళో ఇంకెవరికీ తెలియదు. అలా చేసి పంపిన కారే శనివారం అద్దంలా వెళ్ళి సోమవారం తిరిగొచ్చింది. స్టీలు సామాన్ల వ్యాపారి గురునాథం గారు దాన్ని ఎండకు తిప్పి నిలిపి, బానెట్ వైపు వేలు చూపించారు. నిగనిగలాడే నలుపు లోపల సాలెగూళ్ళు చిక్కుకున్నట్టు, మిషను తిరిగిన చోటల్లా తెల్లటి సుడులు. తల కదిపితే అవీ కదిలాయి. జుబేర్ ముందుకొచ్చి తప్పు తనదేనని, సరిచేసి ఇస్తానని ఒప్పుకున్నాడు. తన తప్పును భర్త నెత్తిన వేసుకున్నాడని ఫరా మనసు కరిగి నీరైపోయింది.

మంగళవారం పొద్దున్నే కారును రేకుల షెడ్డులోకి ఎక్కించి, షట్టరు సగానికి దించి, చున్నీ నడుముకు బిగించుకుని ఫరా పని మొదలుపెట్టింది. ముందు కడిగింది. తర్వాత మెత్తటి క్లే ముద్దతో రుద్ది, రంగుకు కరుచుకున్న సున్నపు ధూళి తీసింది. పిడుగురాళ్ళ నుంచి సున్నం లారీలు ఆ రోడ్డు మీద పోతూనే ఉంటాయి. ఒక్క రేణువు ప్యాడు కింద పడిందా, తెల్ల కారయితే క్షమిస్తుంది గానీ నల్ల కారు ఊరంతా చాటుతుంది. అంచులకు టేపు వేసింది. మెత్తని ఫోమ్ ప్యాడు మీద సన్న పాలిష్ నాలుగు చుక్కలు పెట్టి, చిన్న మిషను తీసుకుంది. పెద్ద మిషను ఒకే వైపు గిర్రున తిరుగుతుంది, కోత దానిది. ఈ చిన్నది ఊగుతూ తిరుగుతుంది, పెద్దది మిగిల్చిన గుర్తులు తుడిచిపెట్టడం దీని పని.

బానెట్ మీద జానెడు మేర ఎంచుకుని నింపాదిగా నడిపింది. తుడిచి, టార్చి వేసి చూసింది. గీత లేదు. అమ్మయ్య అనుకుంది. అయినా నమ్మకం చాలక, గుడ్డ మీద స్పిరిట్ వేసి ఆ మేరంతా ఒకసారి తుడిచింది. సుడులు మళ్ళీ తేలాయి. పోవడం కాదు, పాలిష్‌లోని నూనె వాటిలో నిండి కాసేపు కప్పిందంతే.

మళ్ళీ చేసింది. మళ్ళీ తేలాయి. ప్యాడు మార్చింది, నొక్కి చూసింది, తేల్చి చూసింది, వేగం తగ్గించింది, పెంచింది. పొద్దెక్కేకొద్దీ రేకుల వేడికి పాలిష్ తుడవక ముందే మజ్జిగ ఎండినట్టు ఎండిపోవడం మొదలుపెట్టింది. దాన్ని వదిలించడానికి గుడ్డతో గట్టిగా రుద్దితే ఆ రుద్దుడుకి కొత్త గీతలు. ఒకటి తీయబోతే రెండు పుట్టుకొస్తున్నాయి. ఆ నలుపులో తన మొహం కనిపిస్తుంటే, ఆ మొహం మీద కూడా సుడులే.

గోడ పక్కన స్టూలు మీద కూర్చున్న జుబేర్ నోరు మాత్రం ఊరుకోవడం లేదు. ప్యాడు ఓరగా పెడుతున్నావన్నాడు. అంత తొందరెందుకన్నాడు. నొక్కితే పోతుందనుకున్నావా అన్నాడు. నిరుడు ఇవే మాటలు, ఆమె చేతి మీద తన చెయ్యి వేసి నేర్పుతూ అన్నప్పుడు, పాఠంలా చెవికెక్కేవి. ఇప్పుడు ఒక్కొక్కటీ పల్లేరుకాయలా దిగుతున్నాయి. నిన్న సాయంత్రమే, అతను వింటుండగానే, ఆమె అత్తతో చెప్పేసింది, ఈ కారొక్కటి అయితే ఇక మిషను ముట్టుకోనని. తన చేతికి అంత పని రాదని తేలిపోయిందని.

స్పిరిట్ గుడ్డ మళ్ళీ అందుకోబోతుంటే జుబేర్ వద్దన్నాడు.

"నూనె అట్టానే ఉంచి ఇచ్చేయ్. కారు మళ్ళీ కడిగేదాకా ఏం కనపడదు."

ఫరా తన చెవులను నమ్మలేకపోయింది. కప్పిపెట్టి పంపిన పని దొంగ పని అని ఆమెకు మొదటి రోజే చెప్పినవాడు ఈయనే. పక్క వీధిలో ఎవరో అలా చేస్తారని తెలిసి వాళ్ళతో మాట్లాడటం మానేసినవాడు.

"కడిగిన రోజు ఏం చెబుదాం?"

"ఆ రోజు సంగతి ఆ రోజు చూద్దాంలే," అన్నాడు మొహం పక్కకు తిప్పుకుని.

ఆమె మిషను ఆపేసి, కారు పక్కనే నేల మీద చతికిలబడింది. చేతులు ఇంకా జుమ్మంటున్నాయి. ఒళ్ళోని టార్చి వెలుతురు ఊరికే ముందు తలుపు మీద పడుతోంది. కాసేపటికి గానీ ఆ వెలుతురు పడిన చోటును ఆమె గమనించలేదు. చూశాక లేచి, టార్చి దగ్గరగా పెట్టి, కిందినుంచి పైదాకా తలుపంతా వెతికింది. ఒక్క సుడి లేదు. వెనక తలుపు చూసింది. డిక్కీ చూసింది. బొట్టు బిళ్ళంత మచ్చ లేదు. అదే రోజు, అదే ప్యాడుతో, అదే చేత్తో చేసిన పని. మరి బానెట్ ఒక్కదానికే ఏమొచ్చింది?

బానెట్ దగ్గరకొచ్చి ఈసారి గీతలు తీసేదానిలా కాక చదివేదానిలా చూసింది. తను ఎప్పుడూ కారు పొడుగునా నడుపుతుంది, అద్దం నుంచి దీపాల వైపుకు. ఈ సుడులు అడ్డంగా పోయాయి, ఒక చక్రం దగ్గర మనిషి నిలబడి అవతలికి చెయ్యి చాపినట్టు. చిన్న మిషను ఇంత పొడుగు సుడి వెయ్యదు. ఇది పెద్దది. పెద్దదాన్ని ఆమె ముందే ఆపేసి, చివరంతా చిన్నదానితో ముగించింది. వైపరు రబ్బరు మడత లోపల వేలు పెడితే తెల్లటి పిండి ఎండిపోయి పెళుసుగా రాలింది. ముతక కాంపౌండు, పెద్ద మిషనుతో కోతకు వాడేది. పని ముగించాక అక్కడ బ్రష్షుతో తుడిచిన సంగతి ఆమెకు బాగా గుర్తు. అంటే ఆ తర్వాత ఎవరిదో చెయ్యి పడింది.

అంతలో హజ్రా బీ టీ గ్లాసులు పట్టుకుని షట్టరు కింద వంగి లోపలికొచ్చింది. ఫరా గ్లాసు అందుకోకుండానే అడిగింది, శుక్రవారం తను ఎడ్లపాడులో అక్కను చూడటానికి వెళ్ళినప్పుడు షాపులో ఎవరన్నా పని చేశారా అని. ముసలామెకు దాపరికం తెలియదు. పైగా అది ఆమెకు సంతోషం కలిగించిన విషయం. నమాజు నుంచి వచ్చి అన్నం కూడా తినకుండా కొడుకు షాపులోకి వెళ్ళాడనీ, కాసేపటికి పెద్ద మిషను మోత వినిపించిందనీ, అల్లా దయవల్ల బిడ్డ చేతులు బాగుపడ్డాయని తను లోపల దువా చేసుకుందనీ చెప్పింది. ఆశ పడితే చెడిపోతుందేమోనని ఎవరితోనూ అనలేదట.

చెప్పి, ఇద్దరి మొహాలూ చూసి, తప్పు మాట ఏదో జారిందని గ్రహించి, గ్లాసులు బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది.

జుబేర్ స్టూలు మీంచి లేవలేదు. ఫరా కూడా అరవలేదు. అరిస్తే బాగుండేదేమో.

"మీరేనా?"

"నేనే."

"ఎందుకు?"

అతను తన అరచేతులు చూసుకుంటూ చెప్పుకొచ్చాడు. శుక్రవారం పొద్దున నీళ్ళు తోడుకుంటుంటే చిటికెన వేలికి చల్లగా తగిలిందట. నెలల తర్వాత మొదటిసారి. చేతులు తిరిగొస్తున్నాయనుకున్నాడు. పరీక్షించి చూసుకోవాలనిపించింది. షాపులోకొస్తే ఈ కారుంది. బానెట్ నూతిలో నీళ్ళలా ఉంది. అంత బాగా తను కూడా ఎప్పుడూ చెయ్యలేదనిపించింది. తన పేరు మీద ఊళ్ళో తిరగబోయే పనిలో తన చెయ్యి కొంచెమైనా ఉండాలని లోతుగా కోసే ఉన్ని ప్యాడు, ముతక కాంపౌండు తీసుకున్నాడు. మిషను ఎంత నొక్కుతున్నదీ, ఎటు ఒరుగుతున్నదీ వేళ్ళకు తెలియలేదు. ఆపి చూసేసరికి అయిపోయింది. నూనె పూసి తుడిచాడు. షెడ్డు నీడలో ఏమీ కనపడలేదు. కనపడదులే అనుకున్నాడు.

ఫరాకు సగం మాటలు వినిపించలేదు. ఆమె తల్లో ఒక్కటే తిరుగుతోంది.

"నిన్న గురునాథం మావయ్య గారి ముందర తప్పు నాదే అన్నారు. నాకోసం అబద్ధం చెప్పారనుకున్నా నేను. ఎంత పొంగిపోయానో తెలుసా మీకు?"

అతను బల్ల మీది టీ గ్లాసు కోసం చెయ్యి చాపి, మళ్ళీ వెనక్కి తీసుకున్నాడు.

"పొద్దున్నుంచి నా చెయ్యి నేను తిట్టుకుంటా ఉంటే ఆ స్టూలు మీద కూర్చుని చూస్తా ఉన్నారు. ప్యాడు ఓరగా పెడతన్నావని నాకే చెప్పారు. నేనిక మిషను ముట్టనన్నా కూడా నోరు తెరవలా. మీ వేళ్ళకు స్పర్శ లేదని ఏడ్చిన మనిషిని నేను. మీకు ఇంకెక్కడా కూడా లేదని నాకు తెలవలా."

ఆ మాట తగలవలసిన చోటే తగిలింది. జుబేర్ మొహం సున్నంలా పాలిపోయింది. అన్న తర్వాత ఫరాకూ నాలుక చేదయింది గానీ వెనక్కి తీసుకునే ఓపిక లేదు. ఆమెకు ఒకటి మాత్రం అర్థమైంది. పొద్దున్నుంచి తను పైపై గీతలనుకుని మెత్తటి ప్యాడుతో నిమురుతోంది. ఇవి ఉన్ని ప్యాడు కోతలు, లోతైనవి. ఆ ముక్క ఈయన ముందే చెప్పి ఉంటే ఇంత పొద్దు, ఇంత పాలిష్, ఇంత ఏడుపు దండగయ్యేవి కావు. రంగు మీద గాజులాంటి పూత ఒకటే ఉంటుంది. గీత తియ్యడమంటే ఆ పూతను గీత లోతుదాకా అరగదియ్యడమే. ఎన్నిసార్లయినా అరగదియ్యడానికి అదేం గంధపుచెక్క కాదు. అతనొకసారి కోశాడు, తను పొద్దున్నుంచి నిమిరింది. అంచుల్లో ఆ పూత మరీ పలచన, ముందంచు దగ్గర ఇక ఒక్క దెబ్బకు మించి తట్టుకోదు.

మీడియం ప్యాడు కోసం ఆమె అలమారు తెరుస్తుండగానే బయట స్కూటరు ఆగింది. సాయంత్రం రావలసిన గురునాథం గారు కొడుకు వేణుమాధవ్‌తో కలిసి షట్టరు ఎత్తించుకుని లోపలికొచ్చారు. ఇంట్లో కాళ్ళు నిలవడం లేదన్నారు ఆయన. ఈసారి పని కళ్ళారా చూసి కారు తీసుకెళ్ళాలని వచ్చారట. వేణుమాధవ్ చిలకలూరిపేట రోడ్డులో పాత కార్ల అమ్మకం పెట్టబోతున్నాడు. తండ్రి కారు బాగా వస్తే అక్కడికొచ్చే ప్రతి కారునూ జుబేర్ చేతికే ఇద్దామని ఇంట్లో అనుకున్నారు. ఇప్పుడు ఇంకోరిని వెతకాలా వద్దా తేల్చుకోవాలి. గురునాథం గారు హజ్రా బీ తెచ్చి వేసిన కుర్చీలో కూర్చుని, పై కండువాతో మెడ తుడుచుకున్నారు.

"ఏం జుబేరూ, మీ నాయన దగ్గర్నుంచీ నేను ఇంకో షాపు గడప తొక్కలా. కానియ్, నా ఎదురుగుండా నీ చేత్తో ఒక చోట బాగుచెయ్యి. చూసి పోతా."

జుబేర్ లేచాడు. ఫరా వైపు చూడకుండా బల్ల దగ్గరికి వెళ్ళి పెద్ద మిషనే తీసుకున్నాడు. చిన్నది అతనికి ఎప్పుడూ మిషనులా అనిపించలేదు. ప్యాడు బిగిస్తుంటే రెండుసార్లు జారింది. కాంపౌండు పెట్టాడు. బానెట్ ముందంచు దగ్గర, ఎక్కడైతే పూత పలచబడిందో సరిగ్గా అక్కడ నిలబడ్డాడు.

ఫరా గోడకు ఆనుకుని చూస్తోంది. ఊరుకుంటే సరిపోతుందని ఆమెకు ఆ క్షణాన అనిపించిన మాట నిజం. ఊరుకుంటే నల్ల రంగు లేచి అడుగు రంగు బయటపడుతుంది, రెండు రోజులుగా తను మోసిన అవమానం అసలు మనిషి దగ్గరికి తనంతట తానే చేరుతుంది. తను నోరు మెదపనక్కర్లేదు. మిషను మోత మొదలైంది. అతని మణికట్టు బిగుసుకుంది, వేళ్ళు మాత్రం ఎవరివో వేళ్ళలా పిడి మీద పడి ఉన్నాయి. ప్యాడు బానెట్‌కు బెత్తెడు దూరంలో ఉండగా అతను కళ్ళెత్తి ఆమెను చూశాడు. బతిమాలుతున్న చూపు కాదు. భయపడుతున్న చూపు.

ఫరా గోడ మీది స్విచ్చి తీసేసింది.

మోత ఆగిన షెడ్డులో రోడ్డు మీది లారీ హారను పెద్దగా వినిపించింది. గురునాథం గారు కరెంటు పోయిందా అని అడిగారు. పోలేదని, తనే ఆపానని చెప్పి ఆమె ఆయన కుర్చీ ముందుకొచ్చింది.

"ఈయన చేతులు బాగాలేవు మావయ్య గారూ. చానా నెలలయింది. మీ కారు చేసింది నేను. అంతకుముందు వచ్చిన కార్లు కూడా నేనే. నా చేత్తో బాగుచేస్తా, చూడండి. నచ్చకపోతే అప్పుడు పోండి."

వాళ్ళు ఏమంటారో వినడానికి ఆగలేదు. మీడియం ప్యాడు చిన్న మిషనుకు బిగించింది. ముందంచును వదిలేసి బానెట్ నడిమధ్య జానెడు మేర తీసుకుంది. మొదట ఆ ప్యాడుతో కోత లోతుదాకా నింపాదిగా తీసింది. ప్యాడు బ్రష్షుతో దులిపింది. రంగు వేడెక్కిందేమోనని అరచేయి ఆనించి చూసింది, చల్లారేదాకా నిలబడింది. తర్వాత మెత్తటి ప్యాడు, సన్న పాలిష్, చేతి బరువు తప్ప వేరే బరువు లేకుండా, అద్దం నుంచి దీపాల వైపుకు. తుడిచింది. స్పిరిట్ గుడ్డ తీసుకుంటుంటే మాత్రం ఆమెకు చెమట చల్లబడింది. తుడిచి, వేణుమాధవ్‌ను కారు ఎండలో పెట్టమంది.

ఎండలో నలుగురూ వంగారు. చుట్టూ సుడులు, మధ్యలో జానెడు మేర నల్లటి నీళ్ళు. ఆ నీళ్ళలో మిట్టమధ్యాహ్నపు సూర్యుడు ఒక్క చుక్కలా, చుట్టూ ఏ గూడూ లేకుండా, నిలిచి ఉన్నాడు. గురునాథం గారు కళ్ళజోడు తీసి చూశారు, పెట్టుకుని చూశారు, అటుపక్కకు వెళ్ళి చూశారు. ఫరాకు ఎక్కడో పొద్దున్నుంచి బిగిసి ఉన్న ఊపిరి వదులైంది. చెయ్యి చెడలేదు. తన చెయ్యి తనకుంది.

"అయితే అమ్మా," అన్నారు ఆయన నెమ్మదిగా, "ఈ గీతలు పెట్టిందీ నువ్వేనా?"

అవునంటే అబద్ధం. కాదంటే ఎవరని అడుగుతారు. ఫరా గుడ్డ మడత పెడుతూ, విప్పుతూ నిలబడింది.

"కాదు బాబాయ్," అన్నాడు వెనక నుంచి జుబేర్. "అవి నావి. ఆమె బాగా చేసిన దాన్ని నేను చెడగొట్టా."

గురునాథం గారికి జుబేర్ తండ్రి గుర్తొచ్చాడో ఏమో, చూపు రోడ్డు వైపు తిప్పుకున్నారు. వేణుమాధవ్ మాత్రం వ్యాపారం మొదలుపెట్టబోతున్నవాడు, మనసులో లెక్క చూసుకుంటున్నట్టు కాసేపు బానెట్ చుట్టూ తిరిగి, ఫరా ముందు ఆగాడు. అతని గొంతులో కోపం లేదు. అదే కష్టంగా ఉంది.

"వదినా, కార్లన్నీ నీకే ఇస్తా. ఒప్పందం నీ పేరు మీద రాద్దాం. కానీ నా కార్ల మీద అన్న చెయ్యి పడకూడదు. షెడ్డులో పని జరిగేటప్పుడు ఆయన ఉండకూడదు. ఇంకోసారి ఇట్టా అయితే నా వ్యాపారం మునుగుద్ది. ఇష్టమైతే ఇప్పుడే చెప్పు. లేదంటే గుంటూరు నుంచి వేరే వాళ్ళను పిలిపించుకోవాల."

ఈ ఇల్లు నిలబడాలంటే ఆ పని కావాలి. పొద్దుటి ఫరా అయితే వినగానే కాదనేది, ఇప్పటి కోపంలో అయితే వెంటనే సరేననాలి. ఆమె వెనక్కి తిరిగి చూసింది. జుబేర్ షెడ్డు గుమ్మంలో నిలబడి పెద్ద మిషను తీగను మోచేతికి చుట్టుకుంటున్నాడు. తీగ మాటిమాటికీ వేళ్ళలోంచి జారిపోతోంది. జారినప్పుడల్లా మళ్ళీ మొదటి నుంచి చుడుతున్నాడు. అతను తల ఎత్తలేదు. అతని గొంతు మాత్రం తొణకలేదు.

"ఒప్పుకో ఫరా. ఒప్పుకుని, ఇక ఈ ఇంట్లో నాకు పనేందో అది కూడా నువ్వే చెప్పు."

వేణుమాధవ్ ఆమె మొహంలోకి చూస్తున్నాడు. గురునాథం గారు కొడుకు దగ్గర్నుంచి కారు తాళంచెవి తీసుకుని, ఆమెకు ఇవ్వాలో తను పట్టుకుపోవాలో తేలక, అరచేతిలో పెట్టుకుని నిలబడ్డారు. ఫరా చెయ్యి ఇంకా ముందుకు చాచలేదు.